పాత ఇల్లు కొన్నాక రిపేర్లు ఎక్కడ మొదలుపెట్టాలి: స్లాబ్ నుంచి రంగుల దాకా సమగ్ర మార్గదర్శి

రిజిస్ట్రేషన్ అయిపోయింది, తాళాలు చేతికొచ్చాయి, ఇంట్లోవాళ్ళు అప్పుడే వంటగదికి ఏ రంగు కప్‌బోర్డులు వేయించాలా అని ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్నారు, తెలిసిన మేస్త్రీ ఒకాయన వచ్చి గదులన్నీ ఓ చుట్టు చుట్టి "ఏముంది సార్, రెండు నెలల్లో కొత్తిల్లు చేసి చేతిలో పెడతా" అనేసి వెళ్ళాడు. ఇక్కడే కాసేపు ఆగమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. పాతిల్లు బాగుచేయించడంలో డబ్బు వృథా అయ్యేది ఖరీదైన సామాను కొన్నందుకు కాదు, పని వరుస తప్పినందుకు. ఈ ఏడాది రంగులు వేయించి, వచ్చే ఏడాది స్లాబ్ కారుతోందని అవే గోడలు మళ్ళీ గీకించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. అందుకే నా మాట ఒక్కటే: ముందు కప్పు, తర్వాత గోడల్లో చెమ్మ, ఆ తర్వాత గోడల్లో దాగున్న పైపులూ వైర్లూ, కంటికి కనిపించే సోకులన్నీ ఆఖర్న.

నేను చెప్పేది ముఖ్యంగా 1980, 90ల్లో కట్టిన ఇండిపెండెంట్ ఇళ్ళ గురించి. తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే స్లాబ్ కూర్చుని ఉంటుంది, పిల్లర్లు ఉండవు, ఉంటే వరండాలో ఒకటో రెండో ఉంటాయి. కింద నాపరాళ్ళో మొజాయికో, టేకు కిటికీలు, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు, చెక్క పట్టీల మీద పాకిన వైర్లు. మీది అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అయితే కప్పు, పునాది సంగతి అసోసియేషన్‌తో తేల్చుకోవాలి, మిగతాదంతా మీకూ పనికొస్తుంది.

1. ముందు కాగితాలు, కొలతలు

సేల్ డీడ్ మీ పేరు మీదకి వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. మున్సిపాలిటీలో ఇంటి పన్ను మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు), కరెంటు మీటరు పేరు మార్పు, నీళ్ళ కనెక్షన్ పేరు మార్పు, ఈ మూడూ రిపేర్లు మొదలుపెట్టే ముందే అప్లై చేయండి. పాత యజమాని బకాయిలేమైనా ఉంటే ఇప్పుడే బయటపడతాయి, ఆయన ఫోన్ ఎత్తేదీ ఇప్పుడే.

పాత ప్లాన్ కాపీ ఉందేమో ఆయన్నే అడగండి. లేకపోయినా ఫరవాలేదు, టేపు పట్టుకుని మీరే ఓ ఆదివారం కూర్చుని ప్రతి గది కొలతలూ, గోడల మందం, కిటికీలు, తలుపులు, స్లాబ్ ఎత్తు కాగితం మీద గీసుకోండి. గోడ మందం తప్పకుండా రాసుకోవాలి, ఎందుకో కింద చెప్తాను. సున్నాలు, రంగులు, ఫ్లోరింగ్, పైపులు మార్చడం లాంటి వాటికి అనుమతుల గొడవ ఉండదు కానీ, గది పెంచాలన్నా, పైన అంతస్తు వేయాలన్నా, ముందుకో పక్కకో జరపాలన్నా మున్సిపాలిటీ అనుమతి కావాల్సిందే. పాతాయన సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, ఓ గది కట్టేసి ఉంటే దాని మీద లక్షలు పోయకండి, దాని లెక్క వేరేగా తేల్చుకోండి.

2. వీలైతే ఒక్క వాన చూడండి

వానాకాలం ముందు కొన్నవాళ్ళు అదృష్టవంతులు. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటికెళ్ళండి. మేడ మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ గొట్టంలోంచి పోతున్నాయి, ఏ కిటికీ పైనుంచి లోపలికి దిగుతున్నాయి, వీధిలో నీళ్ళు ఎటు పారుతున్నాయి, ఇవన్నీ ఆ గంటలో తెలిసినంత బాగా ఇంకెప్పుడూ తెలియవు. వాన దాకా ఆగలేరా, మేడ మీద నీళ్ళ గొట్టాలు మూసేసి రెండంగుళాల ఎత్తు నీళ్ళు రెండు రోజులు నిలబెట్టి కింద గదుల్లోంచి పైకప్పు చూడండి. స్లాబ్ పెచ్చులూడి బాగా దెబ్బతిని ఉంటే మాత్రం ఈ పరీక్ష మీ అంతట మీరు చేయకండి, ఇంజనీర్ని అడిగాకే.

వీధి సంగతి ఎందుకన్నానంటే, హైదరాబాద్‌లోనే కాదు చాలా ఊళ్ళలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు, దాంతో ఒకప్పుడు వీధికి రెండడుగులు ఎత్తులో ఉన్న గుమ్మం ఇప్పుడు వీధికి సమానంగానో ఇంకా కిందకో వచ్చేసింది. అలాంటి ఇంట్లో ఏం చేయించినా మొదటి ప్రశ్న ఇదే: నీళ్ళు లోపలికి రాకుండా ఎలా? లోపల మట్టి పోసి ఫ్లోరింగ్ ఎత్తు పెంచితే స్లాబ్ నెత్తి మీదకొస్తుంది, తలుపులు, లింటెల్ ఎత్తులు, బాత్రూమ్ పైపులు అన్నీ మారతాయి. జాకీలు పెట్టి ఇల్లంతా పైకెత్తే పని కూడా చేస్తున్నారు కానీ అది ప్రతి ఇంటికీ నప్పదు, పునాదీ గోడలూ చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు సరేనంటేనే. ఈ ప్రశ్నకి జవాబు దొరకనంతవరకు లోపల ఒక్క టైలు కూడా వేయించకండి.

3. స్లాబ్: మొదటి రూపాయి ఇక్కడే

చిన్న సుత్తి, టార్చి, నిచ్చెన తీసుకోండి. స్లాబ్ అడుగుభాగం మీద అడుగు అడుగుకీ మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్నచోట టంగుమని ఖంగుగా మోగుతుంది, లోపల విడిపోయినచోట బోలుగా, డొల్లగా వినిపిస్తుంది. డొల్ల ఉన్నచోటల్లా సుద్దతో గీత గీయండి. అరగంటలో కప్పు మీద ఓ పటం తయారవుతుంది, అది ఎక్కువగా బాత్రూమ్ కింద, వాటర్ ట్యాంకు కింద, ఎండకి ఎండి వానకి తడిసే సన్‌షేడ్ల కింద గుంపుగా కనిపిస్తుంది. ఇంజనీర్ని పిలిచినప్పుడు ఈ గీతలు చూపిస్తే ఆయన పని సగం అయినట్టే.

డొల్ల ఎందుకొస్తుందంటే, కాంక్రీటులోకి ఏళ్ళ తరబడి నీళ్ళూ గాలీ దిగి లోపలి కమ్మీలకి తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది, పెచ్చులు ఊడతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పు గాలికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. పెచ్చులూడిన చోట మేస్త్రీ సిమెంటు పామి, పుట్టీ పెట్టి, తెల్ల రంగేస్తే ఆ రోజుకి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది, రెండు మూడేళ్ళలో మళ్ళీ ఊడుతుంది, ఊడేటప్పుడు కింద ఎవరుంటారో చెప్పలేం. పిల్లలు పడుకునే గదుల్లో ఇలా పైపైన కప్పెట్టించుకోవడం చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

సరైన పద్ధతి ఇది. వదులుగా ఉన్న కాంక్రీటంతా కమ్మీ వెనక దాకా చెక్కేయాలి, కమ్మీల్ని వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దాలి, తుప్పు రాకుండా కోటింగ్ వేయాలి, పాతా కొత్తా పట్టుకునేలా బాండింగ్ కోటు వేసి, పాలిమర్ కలిపిన మోర్టారో మైక్రో కాంక్రీటో పెట్టాలి. కమ్మీ బాగా సన్నబడిపోయి ఉంటే కొత్త కమ్మీ జత చేయాలా, కింద బీమ్ ఇవ్వాలా, లేక ఆ భాగం స్లాబ్ తీసేయాలా అన్నది ఇంజనీరు నిర్ణయం, మేస్త్రీది కాదు. చెక్కేటప్పుడు కింద సపోర్టులు పెట్టాలి. అనుమానంగా ఉంటే పరీక్షలున్నాయి: రీబౌండ్ హ్యామర్‌తో కాంక్రీటు ఉపరితలం ఎంత గట్టిగా ఉందో అంచనా వేస్తారు, కొత్తగా చెక్కిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లి చూస్తారు, గులాబీ రంగు వస్తే ఆ కాంక్రీటు ఇంకా కమ్మీని కాపాడుతోందని, రంగు రాకపోతే ఆ లోతు వరకు కాపాడే గుణం పోయిందని అర్థం. ఇంజనీరు ఫీజు దండగ అనుకోకండి, ఇంటి మొత్తం ఖర్చులో అదెంత.

ఇక పైవైపు. మేడ మీద కురుస్తోందంటే చాలామంది పాతదాని మీద ఇంకో పొర వేయిస్తారు, పదేళ్ళకి మరొకటి. దాని బరువెంతో ఎవరూ లెక్కేయరు. నాలుగంగుళాల బ్రిక్ బ్యాట్ కోబా (ఇటుక ముక్కలతో వేసే వాటర్ ప్రూఫింగ్ పొర) చదరపు మీటరుకి సుమారు 180 నుంచి 200 కిలోలు తూగుతుంది, అంటే వెయ్యి చదరపు అడుగుల మేడ మీద 17, 18 టన్నులు. మనుషులూ సామానూ కలిపి మేడ మీద పడే బరువుకి డిజైన్లో చదరపు మీటరుకి 150 కిలోలు లెక్కేస్తారు, దీన్నిబట్టి చూసుకోండి. పాత పొర విడిపోయి ఉంటే దాన్ని తీయించి, వాలు సరిచేయించి, అప్పుడు కొత్త వాటర్ ప్రూఫింగ్ వేయించండి. వాలు వంద అడుగులకి కనీసం ఒక అడుగు ఉండాలి. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలే అసలు గండి, అక్కడ గుండ్రంగా గోళా తీయించాలి. పిట్టగోడలో రావిమొక్క మొలిచి ఉంటే పైకి కోసేయడం కాదు, వేరు దాకా తవ్వి తీసి ఆ పగులు పూడ్చాలి. పని పూర్తయ్యాక మళ్ళీ 48 గంటలు నీళ్ళు నిలబెట్టి చూశాకే ఆఖరి డబ్బులివ్వండి.

అన్నట్టు, వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. అది స్లాబ్ మధ్యలో ఉంటే కింద గోడ ఉన్నచోటికి జరిపించండి.

4. గోడలు: పగుళ్ళు వేరు, చెమ్మ వేరు

ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి గీతలు చూసి టెన్షన్ పడనక్కర్లేదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్ళు, గోడకి రెండు వైపులా ఒకేచోట కనిపించేవి, మెట్లు మెట్లుగా ఇటుకల వెంట దిగేవి, వీటినే పట్టించుకోవాలి. పగులు ఇంకా కదులుతోందా ఆగిపోయిందా అని తెలుసుకోవడానికి పాతకాలం నుంచి ఉన్న పద్ధతే మంచిది: పగులుకి అడ్డంగా చిన్న గాజు పలక అంటించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి వదిలేయండి. గాజు పగిలితే గోడ కదులుతోందన్నమాట. గుంటూరు, కృష్ణా, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో కట్టిన ఇళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, పగులు కూడా దానితోపాటే మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. మే నెలలో పూడ్చిన పగులు సెప్టెంబరులో ఏమవుతుందో చూడకుండా రంగుకి వెళ్ళొద్దు.

చెమ్మ విషయంలో ఎక్కడినుంచి వస్తోందన్నదే మొత్తం కథ. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగ్ ఉబ్బి, తెల్లగా ఉప్పు పూస్తుంటే అది భూమిలోంచి పైకి పాకే తడి. వానల్లో మాత్రమే వచ్చి తర్వాత ఆరిపోతుంటే కప్పో బయటి గోడో కారణం. ఏడాది పొడుగునా ఒకేచోట తడిగా ఉంటే గోడలో పైపు కారుతోంది. తెలిసినవాళ్ళ ఇంట్లో వంటగది గోడకి ఏటేటా డ్యాంప్ ప్రూఫ్ రంగు వేస్తూనే ఉన్నారు, చివరికి వెనకవైపు బాత్రూమ్ గోడ చెక్కితే షవర్ దగ్గర జీఐ ఎల్బో వేలితో నొక్కితే లోపలికి పోయేంతగా తుప్పు పట్టి ఉంది. ఆ చిన్న ముక్క మార్చాక గోడ దానంతటదే ఆరింది. మీకు అనుమానం ఉన్నచోట గోడ మీద ఒక అడుగు పాలిథీన్ షీటు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులాగి చూడండి: లోపలివైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తోంది, బయటివైపు ఉంటే గదిలో గాలి ఆడట్లేదు.

భూమిలోంచి వచ్చే తడికి మందు రంగు కాదు, పుట్టీ కాదు, టైల్స్ అసలే కాదు. గోడకి టైల్స్ అంటిస్తే తడి పైకి పోయి టైల్స్ దాటాక కనిపిస్తుంది. ముందు ఇంటి చుట్టూ ఉన్న మట్టి ప్లింత్ (ఇంటి నేలమట్టం దాకా ఉండే పునాది పైభాగం) కంటే కిందికి తీయించండి, చుట్టూ రెండు మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు అంచు పోయించండి, గోడకి ఆనించి పెట్టిన పూలకుండీలు, తొట్లు జరపండి. చాలా ఇళ్ళలో దీనితోనే సగం తగ్గుతుంది. తగ్గకపోతే గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి తడి పైకెక్కకుండా రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది, అది చేయించి, ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్ అంతా తీసేసి, గోడని నెలల తరబడి ఆరనిచ్చి కొత్తది వేయించాలి.

సున్నంతో కట్టిన ఇంకా పాత ఇల్లయితే, గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళ లాంటివి, రాయలసీమ రాతి మిద్దెల లాంటివి, వాటికి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి దయచేసి. సున్నం గోడ తడిని పీల్చుకుని బయటికి వదిలేస్తుంది, సిమెంటు పొర ఆ దారి మూసేసి తడిని గోడలోనే ఉంచేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువైపోయారు కానీ వెతికితే ఉన్నారు, వెతకండి.

ఇప్పుడు గోడ మందం సంగతి. హాలు, వంటగది కలిపేసి పెద్ద హాలు చేద్దామని అందరికీ అనిపిస్తుంది. మధ్యలో ఉన్నది తొమ్మిదంగుళాల గోడ అయితే అది స్లాబ్‌ని మోస్తోంది, పడగొడితే స్లాబ్ దిగుతుంది. నాలుగున్నర అంగుళాలదైతే అడ్డుగోడే కావచ్చు, అయినా ఇంజనీరు చూడకుండా సుత్తి ఎత్తనివ్వకండి. వాస్తు కోసం గుమ్మం మార్చడం, మెట్లు జరపడం, వంటగది ఆగ్నేయానికి తేవడం లాంటివి ఉంటే వాస్తు చెప్పే ఆయన్నీ ఇంజనీర్నీ ఒకే రోజు ఇంటి దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించండి. ఇద్దరూ విడివిడిగా చెబితే ఒకరు కట్టమన్నది ఇంకొకరు పడగొట్టమంటారు, మధ్యలో డబ్బు మీది.

5. చెదలు

తలుపు ఫ్రేముల అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగితే లోపల ఏమీ లేదు. గోడల మీద మట్టి గీతలు, కప్‌బోర్డుల వెనక పొడి ఉంటే చెదలున్నట్టే. గోడా నేలా కలిసే చోట అడుగు అడుగుకీ 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారు. కొత్త ఫ్లోరింగ్‌కి ముందే చేయించాలి, తర్వాత చేయిస్తే కొత్త టైల్సుకే రంధ్రాలు.

6. నీళ్ళు, డ్రైనేజీ

జీఐ పైపులు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల తుప్పు పేరుకుని అంగుళం పైపులో వేలు పట్టనంత దారి మిగులుతుంది. ట్యాంకు నిండా నీళ్ళుండి కుళాయిలో సన్నగా వస్తుంటే ఇదే. ఎలాగూ గోడలు చెక్కుతున్నారు కాబట్టి మంచినీళ్ళ లైన్లన్నీ ఒకేసారి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకి మార్చేయండి, సగం పాతవి ఉంచి సగం కొత్తవి వేయడం నేను ఎవరికీ చెప్పను, కొత్త ప్రెషర్‌కి పాత జాయింట్లు వదిలేస్తాయి. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి, అంటే కుళాయిలన్నీ బిగించి పంపుతో ప్రెషర్ పెట్టి మర్నాటి దాకా ముల్లు దిగకుండా ఉందేమో చూడటం. చెక్కిన గోడల్ని పైపులు, వైర్ల గొట్టాలు కనిపిస్తుండగా, పక్కన టేపు పెట్టి, ప్రతి గోడకీ ఫొటో తీసుకోండి. అయిదేళ్ళ తర్వాత గోడకి మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోలే మిమ్మల్ని కాపాడతాయి.

బాత్రూములు ఇల్లంతటిలో ఎక్కువ ఖర్చయ్యే చోటు, ఎక్కువ తొందరపడే చోటు కూడా. పాత టైల్స్ మీదే కొత్తవి అంటించడం తేలికే కానీ కింద వాటర్ ప్రూఫింగ్ పోయి ఉంటే ఉపయోగం లేదు. మొత్తం తీయించి, నేలలో నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌లు మార్పించి, నేలకీ గోడ అడుగుభాగానికీ కోటింగ్ వేయించి, అక్కడ కూడా నీళ్ళు నిలబెట్టి చూసి, అప్పుడు టైల్స్. వాలు సరిగా ఉందో లేదో ఒక బకెట్ నీళ్ళు గుమ్మరిస్తే తెలిసిపోతుంది, టైల్స్ మేస్త్రీ అక్కడుండగానే గుమ్మరించండి.

బయట డ్రైనేజీ ఛాంబర్లు అన్నీ తెరిపించి చూడండి. సెప్టిక్ ట్యాంకు ఉంటే మెషీన్ బండి పిలిపించి ఖాళీ చేయించండి. ఏ పరిస్థితిలోనూ మనిషిని అందులోకి దించకండి, దాంట్లో ఉండే వాయువులకి నిమిషాల్లో ప్రాణం పోతుంది, 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం నేరం కూడా.

7. కరెంటు

నా లెక్కలో ఇందులో బేరాల్లేవు. 1980ల నాటి వైరింగ్ టీవీ, ఫ్యాన్లు, నాలుగు బల్బుల కోసం వేసింది. ఇప్పుడు మనం పెట్టేది రెండు ఏసీలు, గీజర్, ఓవెన్, వాషింగ్ మెషీన్, మోటారు. చాలా పాతిళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. మొత్తం రీవైరింగ్ చేయించండి: లైట్లు, ఫ్యాన్లకి 1.5, మామూలు ప్లగ్గులకి 2.5, ఏసీ, గీజర్లకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడతారు, ఏసీకీ గీజర్‌కీ దేని లైను దానికే బోర్డు నుంచి విడిగా రావాలి. కొత్త ఎర్త్ పిట్ తవ్వించండి. లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. రెండూ పెట్టించాలి, ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని తీసేయమనే ఎలక్ట్రీషియన్ మాట వినకండి, పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని, అది వెతకాలి.

కరెంటు బిల్లు మీద మీ ఇంటికి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో రాసి ఉంటుంది. కొత్త సామానుకి సరిపోకపోతే అదనపు లోడుకి, కావాలంటే త్రీ ఫేజ్‌కి ముందే దరఖాస్తు పెట్టండి.

8. పాతది ఏది ఉంచుకోవాలి

ఈ మాట కాంట్రాక్టరు చెప్పడు. పాత టేకు తలుపులు, కిటికీలు ఇప్పుడు అలాంటి కర్రతో చేయించాలంటే ఎంతవుతుందో ఒకసారి టింబర్ డిపోలో అడగండి, తర్వాత తీసేయాలా వద్దా అనుకోండి. పైన అయిదారు పొరల పెయింటు తీసి, అడుగున పాడైన ముక్క మార్చి, చిత్రిక పట్టి పాలిష్ చేస్తే కొత్త వాటికంటే ఎక్కువ కాలం ఉంటాయి. మొజాయిక్ నేల పగలకుండా ఉంటే మెషీన్ పాలిష్ చేయించండి, టైల్స్ ఖర్చులో చాలా తక్కువకే అద్దంలా వస్తుంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు కూడా అంతే, ఎండాకాలంలో కాలికి చల్లగా ఉంటాయి, వాటిని పెకిలించి జారిపోయే టైల్స్ వేయించడం, అదీ అమ్మానాన్న ఉండే ఇంట్లో, నాకు అసలు నచ్చదు. పాత నేల మీదే టైల్స్ వేస్తే ఎత్తు పెరిగి ప్రతి తలుపూ కింద కోయాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

9. డబ్బు లెక్క

ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటిదాంట్లో చేయకపోతే ప్రమాదం అయ్యేవి: స్లాబ్, పగుళ్ళు, వైరింగ్, కారే పైపులు. రెండోదాంట్లో తర్వాత చేయాలంటే మళ్ళీ పగలగొట్టాల్సినవి: డ్రైనేజీ, బాత్రూమ్ వాటర్ ప్రూఫింగ్, చెదల మందు, ఏసీ, ఇన్వర్టర్, ఇంటర్నెట్ వైర్లకి గొట్టాలు. మూడోదాంట్లో ఎప్పుడైనా చేసుకోగలిగేవి: మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, కప్‌బోర్డులు, ఎలివేషన్ (ఇంటి ముందువైపు సోకు). మొదటి రెండూ నిండాక మిగిలితేనే మూడోది. మొత్తం అంచనాలో 15 నుంచి 20 శాతం ముట్టుకోకుండా పక్కన పెట్టండి, పాతింట్లో గోడ తెరిచాక ఏదో ఒకటి బయటపడుతుంది.

లోన్ తీసుకుంటే ఒక సంగతి: రిపేర్ల కోసం తీసుకున్న అప్పు వడ్డీకి, సొంతంగా ఉంటున్న ఇంటి మీద, పాత పన్ను విధానంలో ఏడాదికి 30 వేల వరకే మినహాయింపు. ఇల్లు కొనడానికి తీసుకున్న లోనుకి ఉండే రెండు లక్షల లెక్క దీనికి వర్తిస్తుందనుకుని ప్లాన్ చేసుకోకండి.

10. మేస్త్రీతో మాట

లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా? మీలో ఒకరు రోజూ ఇంటి దగ్గర ఉండగలిగితే లేబర్ కాంట్రాక్ట్, లేకపోతే మెటీరియల్‌తో. మెటీరియల్‌తో అయితే సిమెంటు, వైరు, పైపులు, పెయింటు ఏ కంపెనీ, ఏ రకం అన్నది పేరుతో సహా కాగితం మీద ఉండాలి, "మంచి క్వాలిటీ" అని రాయించుకుంటే ఏమీ రాయించుకోనట్టే. రంగులకి చదరపు అడుగు రేటు మాట్లాడేటప్పుడు గోడ విస్తీర్ణమా, తలుపులు కిటికీలు తీసేశాకా, ఎన్ని కోట్లు, పుట్టీ కలిపా విడిగానా అన్నీ ముందే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. చెత్త ఎత్తివేత ఎవరిదో కూడా రాయండి. పగలగొట్టిన మట్టి, ఇటుకలు ట్రాక్టర్ల కొద్దీ వస్తాయి, దాన్ని నాలాలోనో చెరువు గట్టునో పోయించకండి, హైదరాబాద్‌లో దీనికోసమే జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ప్లాంట్లున్నాయి.

డబ్బు అడ్వాన్సుగా కాదు, పని దశలవారీగా. ఇంత పని అయ్యాక ఇంత. మొత్తంలో పది శాతం తొలి వానాకాలం దాటాకే ఇస్తానని ముందే చెప్పి రాయించుకోండి. ఒప్పుకోని మేస్త్రీకి తన వాటర్ ప్రూఫింగ్ మీద తనకే నమ్మకం లేదన్నమాట.

11. పని వరుస, ముహూర్తం

పగలగొట్టడం, స్లాబ్ రిపేరు, మేడ వాటర్ ప్రూఫింగ్, బయటి గోడల పగుళ్ళు, చెదల మందు, పైపులూ వైర్ల గొట్టాలూ, ప్లాస్టరింగ్, బాత్రూములు, ఫ్లోరింగ్, వడ్రంగి పని, పుట్టీ, రంగులు, ఆఖర్న లైట్లు, కుళాయిలు. ఫ్లోరింగ్ అయ్యాక దాని మీద పాత సంచులు పరిపించి పైన పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పోయించండి, లేకపోతే రంగుల వాళ్ళ నిచ్చెనలు దాన్ని పాడుచేస్తాయి.

మేడ పని ఎండాకాలంలో పెట్టుకోండి, కానీ క్యూరింగ్‌కి నీళ్ళుండేలా చూసుకోండి. కాంక్రీటు, ప్లాస్టరింగ్ కనీసం వారం, ఫ్లైయాష్ కలిపిన పీపీసీ సిమెంటయితే పది రోజులు తడపాలి. నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్ళకి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి కాస్త వ్యవధి ఎక్కువ.

గృహప్రవేశం ముహూర్తం పని మొదలుపెట్టకముందే పెట్టించుకోవడం మన ఇళ్ళలో మామూలే. పెట్టించుకోండి, కానీ కాంట్రాక్టరు చెప్పిన గడువుకి కనీసం రెండు నెలలు కలిపి పెట్టించుకోండి. ముహూర్తం ముంచుకొచ్చిందని పచ్చి ప్లాస్టరింగ్ మీద పుట్టీ, దాని మీద రంగు వేసేస్తారు, ఆరు నెలలకి పొక్కులు లేచి ఊడిపోతుంది. కొత్త ప్లాస్టరింగ్‌ని నెల రోజులైనా ఆరనివ్వాలి. అనుకున్న తేదీకి పని అవ్వకపోతే పాలు పొంగించి, వ్రతం చేసుకుని, తాళం వేసి వచ్చేయండి, సామాను తర్వాత తెచ్చుకోవచ్చు.

12. పని జరుగుతున్నప్పుడు

అదే ఇంట్లో ఉంటూ పని చేయించుకోవాలన్న ఆలోచన వీలైతే మానుకోండి, ముఖ్యంగా చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉంటే. పాత ఎనామిల్ పెయింట్లలో సీసం ఉండేది, మన దేశంలో దాన్ని 90 పీపీఎంకి (పది లక్షల్లో 90 భాగాలకి) పరిమితం చేసిన నిబంధన అమల్లోకొచ్చింది 2017లోనే. పొడిగా గీకితే ఆ ధూళంతా గాల్లోకి, పిల్లల చేతుల్లోకి వెళ్తుంది, తడిపి రుద్దించండి, మాస్కులివ్వండి, గీకిన పొడి మూటగట్టి పారేయించండి. వెనకవైపు షెడ్డుకి పాత సిమెంటు రేకులుంటే అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని పగలగొట్టడం, కోయడం వద్దు. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దింపించాలి. పనివాళ్ళకి మాస్కులు, స్లాబ్ పని చేసేవాళ్ళకి హెల్మెట్లు కొనివ్వడానికి పెద్దగా ఖర్చు కాదు, కాంట్రాక్టరు ఇవ్వకపోతే మీరే కొనండి.

ప్రతి బిల్లూ ఒక ఫైల్లో పెట్టండి. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే గది పెంచడం, రీవైరింగ్ లాంటి మెరుగుదల ఖర్చుని లాభంలోంచి తగ్గించి చూపించడానికి బిల్లులు కావాలి, చెక్కు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా ఇచ్చినవైతే ఇంకా మంచిది. అదే ఫైల్లో పైపుల ఫొటోలు, వైరింగ్ గీసిన కాగితం, వాటర్ ప్రూఫింగ్ గ్యారంటీ, మేస్త్రీ, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబర్లు, ఇంజనీరు ఇచ్చిన రిపోర్టు పెట్టుకోండి. తొలి వానలు తగ్గాక మళ్ళీ నిచ్చెన వేసుకుని, సుద్ద గీతలు గీసిన చోట్లే సుత్తితో తట్టి చూసి, పది శాతం డబ్బు అప్పుడివ్వండి.